గ్యాసు స్తంభానికి కాళ్ళొచ్చాయి

ఈజిప్టులోని టాంటా నగరంలో ఓ ఇరుకు వీధి. గురువారం మధ్యాహ్నం. ఇంటర్నెట్ తీగ కోసం రోడ్డు కింద పొడుగునా రంధ్రం తొలుస్తున్న మిషను సగంలో ఆగింది. దాన్ని నడిపే మేస్త్రి బెసియూనీ పార పట్టుకుని గోతిలో ఉన్నాడు. గట్టు మీద గ్యాసు కంపెనీ ఇంజనీరు వగ్దీ. ఎదురు మేడ రెండో అంతస్తు బాల్కనీలో ఇంటావిడ, పెద్దావిడని గౌరవంగా అందరూ హాగ్గా అని పిలిచే ఇన్‌షిరాహ్.

"ఆ మూతికి కట్టిన గుడ్డ తీసి మాట్లాడు మేస్త్రీ. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"దుమ్ము సార్."

"దుమ్మెక్కడయ్యా? గోతిలో అంతా బురదేగా."

"బురదలోంచి కూడా లేస్తుంది సార్, కంటికి కనపడదంతే. ముందు నా మాట వినండి. ఇక్కడ పైపు లేదు."

"ఉంది."

"లేదు సార్. నడుం లోతు తవ్వాను. నల్లమట్టి, మళ్ళీ నల్లమట్టి, ఓ పాత చెప్పు, దాని కింద మళ్ళీ నల్లమట్టి. గ్యాసు పైపు వేసేటప్పుడు చుట్టూ ఇసక పోస్తారు కదా. ఇసక మీద పసుపు పట్టీ పరుస్తారు, నాలాంటి గాడిదలు చూసి ఆగాలని. ఇక్కడ ఇసకా లేదు, పట్టీ లేదు. గాడిద ఒక్కటే ఉంది."

"మరి నీ నెత్తి మీద ఆ స్తంభం ఏంటి? పసుపు రంగు, మా కంపెనీ ముద్ర. స్తంభం ఎక్కడుంటే పైపు దాని కిందే."

"అదే నమ్మి తవ్వాను."

"అంటే ఏంటి, స్తంభానికి కాళ్ళొచ్చి నడిచిందంటావా?"

"మన ఊళ్ళో నడిచినా నడుస్తుంది సార్. ఫుట్‌పాత్ నడవలేదా? గవర్నరు గారొస్తున్నారని వీధంతా పెకిలించి, ముందుకు జరిపి, నలుపూ తెలుపూ రంగేశారు. ఆయన ఈ వీధి మొహం కూడా చూళ్ళేదు."

"అందుకే కదా నక్షా పక్కన పెట్టాను! నక్షాలో కొలత పాత ఫుట్‌పాత్ నుంచి. ఆ ఫుట్‌పాత్ ఇప్పుడు లేదు. ఇక మనకి దిక్కు ఈ స్తంభమే."

"పైపు కనిపెట్టే పరికరం ఉందన్నారుగా?"

"ఇనప పైపైతే కనిపెడుతుంది. ఇది ప్లాస్టిక్కు. పక్కనే రాగి తీగ వేస్తే దాన్ని పట్టుకుని చెప్తుంది."

"వెయ్యలేదా?"

"వేశారయ్యా. రాగి కదా, పూడ్చేలోపే ఎవడో లాక్కుపోయాడు."

"బావుంది. మనకి మనం చాలు సార్, బయటి శత్రువులెందుకు?"

"ఓయ్ ముసుగాయనా! ఇంకా ఎంతసేపు ఈ గోల?"

"అయిపోవచ్చింది హాగ్గమ్మా!"

"పొద్దుటినుంచీ అయిపోవచ్చిందే అంటున్నావు! సాయంత్రం మా ఇంటికి పెళ్ళివాళ్ళొస్తున్నారు. గుమ్మం ముందు ఈ గొయ్యేంటి, ఈ బురదేంటి? పట్టుబట్టలు కట్టుకున్నవాళ్ళు కప్పల్లా గెంతుతూ రావాలా?"

"పూడ్చేస్తామమ్మా! అద్దంలా చేసి వెళ్తాం!"

"నీ అద్దం నాకొద్దు. స్టవ్ మీద పావురాలున్నాయి. గ్యాసు గానీ ఆగిందో, వాటి పక్కన నిన్ను పెట్టి ఉడికిస్తా. చెప్తున్నా!"

"చిత్తం హాగ్గమ్మా!"

"మేస్త్రీ, ఎందుకలా బల్లిలా మట్టిగోడకి అతుక్కున్నావు? ఆవిడ లోపలికెళ్ళిపోయింది, లే."

"నిజంగా వెళ్ళిందా?"

"వెళ్ళింది. ఏంటి సంగతి? ఆవిడతో ఏమన్నా తగువా?"

"తగువేం లేదు సార్. ఆవిడ నా వియ్యపురాలు."

"ఏంటీ!"

"మెల్లగా, మెల్లగా! ఇంకా కాలేదు. ఇవాళ సాయంత్రం అవుతుంది, ఇన్షా అల్లా. పెళ్ళివాళ్ళొస్తున్నారందే, ఆ పెళ్ళివాణ్ణి నేనే. మా హాతిమ్‌కి వాళ్ళమ్మాయి రఘ్దాని అడిగాం. ఫాతిహా చదువుకుని మాట ఖాయం చేసుకోడానికి వస్తున్నాం. మా ఆవిడా, అబ్బాయీ ఇదివరకే వచ్చి వెళ్ళారు. నా మొహమే ఇంకా ఎవరూ చూళ్ళేదు."

"మరి చూపించవయ్యా! తలెత్తి సలాం చెప్పు. కాబోయే చుట్టం కదా, టీ అన్నా పంపుతుంది. నాకూ ఒకటి పంపుతుంది."

"ఏ మొహం పెట్టుకుని చూపించను సార్? మావాడు వాళ్ళకేం చెప్పాడో తెలుసా? మా నాన్న భూగర్భ పనుల ఇంజనీరు అని చెప్పాడు. ఇదేంట్రా అంటే, నువ్వు పని చేసేది భూగర్భంలోనేగా నాన్నా అంటాడు."

"ఇంజనీరా! హహ్హ! ఇంజనీరింగు చదివి నేను గట్టు మీద కాపలా కాస్తున్నాను, గోతిలో ఉన్నాయన ఇంజనీరయ్యాడు. మా అమ్మ వింటే ఏడుస్తుంది."

"నవ్వండి సార్, నవ్వండి. నాకూ నవ్వే వస్తోంది. మా వీధి ఇస్త్రీ కొట్లో ఇచ్చిన సూటు సాయంత్రానికి సిద్ధంగా ఉంది, దాన్ని వేసుకోవాల్సినవాడు ఇక్కడ బురదలో సిద్ధంగా ఉన్నాడు."

"సెలవు పెట్టి ఉండాల్సింది."

"పొద్దున అడ్రసు చేతికొచ్చేదాకా ఈ వీధని తెలిస్తే కదా! చూడగానే గుండె జారిపోయింది. రానంటే మిషను ఇంకొకడి చేతికిస్తారు. ఒకసారి ఇచ్చారంటే మళ్ళీ నా చేతికి రాదు. అసలే మనకి మంచిపేరు పొంగి పొర్లుతోంది."

"అవునవును, నువ్వు ఆ నీళ్ళ పైపు పగలగొట్టిన సంగతి విన్నాను. నీళ్ళు నాలుగంతస్తుల ఎత్తు లేచాయంటగా?"

"మూడే సార్. జనం పెంచి చెప్తారు."

"అప్పట్నుంచీ నిన్ను అందరూ ఫౌంటెన్ అంటారంటగా."

"అంటారు. ఏం చేస్తాం. పిల్లలు సబ్బులు తెచ్చుకుని దిగారు. ఒకాయన తాపీగా కారు కడుక్కున్నాడు. ఇంకో పెద్దమనిషి నాకు కుర్చీ తెచ్చి వేశాడు, పాపం అలసిపోయావు, కూచుని చూడు నాయనా అని. కూచున్నాను కూడా సార్. ఇంకేం చెయ్యను? ఆ సాయంత్రమే ఆఫీసులో చెప్పేశారు. ఇంకొక్క పైపు తగిలిందా, మిషను తాళం టేబుల్ మీద పెట్టి ఇంటికెళ్ళు అన్నారు. అది నీళ్ళు కాబట్టి జనం స్నానం చేశారు. ఇది గ్యాసు. అందుకే సార్, పైపు నా కళ్ళతో చూడందే మట్టిని తొలిచే ఆ బిట్టుని అంగుళం కూడా జరపను."

"సరే, కానీ మిషను ఆపి చాలాసేపయింది. రంధ్రంలో పోసిన బంకమట్టి నీళ్ళు గట్టిపడితే తొలిచే రాడ్లు ఇరుక్కుపోతాయని నువ్వే అన్నావు."

"అన్నాను. ఇరుక్కుపోతాయి."

"ఇరుక్కుంటే?"

"రాడ్లు రోడ్డు కిందే సమాధి. నేను ఇంటికి. ఇవాళ నాకు ఎటు వెళ్ళినా దారి ఇంటికే సార్."

"అయితే నేను చెప్పేది విను. వీధి చివర వాల్వు ఉంది. కట్టేస్తాను. గ్యాసు ఆగుతుంది, నువ్వు తొలుచుకుంటూ పో. తగిలినా నిప్పంటుకోదు."

"వద్దు సార్!"

"ఏం?"

"పావురాలు!"

"ఏ పావురాలు?"

"స్టవ్ మీదవి! నాకోసమే ఉడుకుతున్నాయి సార్ అవి. వియ్యపురాలు పొద్దున లేచి నాకోసం పావురాల పొట్టలో గోధుమలు కూరుతుంటే, నేనెళ్ళి ఆవిడ పొయ్యి ఆర్పాలా? ఇక జన్మలో ఆ ఇంట్లో నాకు మంచినీళ్ళు కూడా పుట్టవు."

"నీ పావురాల కోసం వీధిని పణం పెట్టమంటావా?"

"అది కాదు సార్. వాల్వు కడితే నిప్పు రాదు, నిజమే. పైపు తెగితే తెగినట్టే కదా? వీధి మొత్తం ఎన్నాళ్ళు పొయ్యి వెలిగించదో మీకే తెలుసు. ఆ రోటీ బట్టీ ఆయన, ఆ మూల ఫలాఫెల్ వడలు వేసే ఆయన, వాళ్ళంతా ఎక్కడికి పోవాలి? నన్నెత్తుకుని కాలవలో వెయ్యరూ?"

"ఓయ్! ఇంజనీరు గారూ! మిమ్మల్నే!"

"చెప్పండి హాగ్గమ్మా!"

"ఇప్పుడే మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ళ వీధిలో ఎవడో ఫౌంటెన్ అంట, ఇలాంటి మిషనే తెచ్చి నీళ్ళ పైపు పగలగొట్టాడంట. దాని కొత్త సోఫా హాల్లోంచి వసారాలోకి ఈదుకుంటూ వచ్చిందంట! వాడు కాదు కదా వీడు?"

"వీడా? ఈయనా? అబ్బే, కాదు హాగ్గమ్మా. వాణ్ణి ఉద్యోగంలోంచి ఎప్పుడో పీకేశారు."

"పీకలేదు సార్!"

"ఏమంటున్నాడు?"

"ఏం లేదమ్మా, దగ్గాడు. దుమ్ము."

"మరి ఆ ముసుగెందుకు వాడికి? దొంగలా!"

"జలుబు హాగ్గమ్మా! మీ ఇంట్లో శుభకార్యం కదా, మీకంటకూడదని!"

"అంత మర్యాద తెలిసినవాడివైతే మా గుమ్మం తవ్వకపోయేవాడివి. ఉండు, మాకు కాబోయే వియ్యంకుడు పెద్ద ఇంజనీరు. భూమి కింద పనులన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయంట. సాయంత్రం రాగానే ఈ గొయ్యి చూపించి అడుగుతా, ఇదేం పని నాయనా అని."

"అడగండమ్మా. కానీ ఆయనకీ... అంత తెలీకపోవచ్చు."

"నీకంటే ఎక్కువే తెలుసులే!"

"లేదమ్మా, సరిగ్గా నాకెంత తెలుసో... అదే, ఎక్కువే తెలుసుంటుందమ్మా. పెద్దవాళ్ళు."

"మాటలు తగ్గించి పార ఆడించు!"

"వెళ్ళింది మేస్త్రీ. తలెత్తొచ్చు."

"చూశారా సార్? నా గురించి ఆవిడ ఎంత బాగా అనుకుంటోందో. నా జీవితంలో నా గురించి ఎవరూ అంత గౌరవంగా మాట్లాడలేదు. సగం సేపు ఎవరో అనుకుని విన్నాను."

"అది సరే. ఇప్పుడేం చేద్దాం? గురువారం, రేపు సెలవు. నేనూ ఇంటికెళ్ళాలి. మా అత్తగారు వచ్చి ఉంటుంది."

"మీ బాధ వేరే ఉంది, పాపం."

"వెక్కిరించకు. స్తంభం ఉంది, అది మా కంపెనీది. నా మాట నమ్ము. పైపు ఇక్కడే ఇంకాస్త లోతులో ఉంటుంది. నువ్వు అనుకున్నట్టే బిట్టుని ముందుకు పోనిచ్చి, ఇక్కడ కిందికి వంచి దాటించేయి. ఏమన్నా అయితే నేనున్నాను."

"మీరుంటారు సార్. నేనుండను. మీరే చూడండి. బిట్టు ఇప్పుడు ఎక్కడుంది? ఇదిగో, మన పక్కనే ఉన్న ఇస్త్రీ కొట్టు ముందు. తిన్నగా వస్తోంది. స్తంభం దగ్గరికొచ్చాక కదా నేను వంచాలనుకున్నది. పైపు నిజంగా స్తంభం కింద ఉంటే మంచిదే. ఇవతల ఉందనుకోండి, ఎక్కడో ఇస్త్రీ కొట్టు దగ్గర? బిట్టు వంగకముందే తిన్నగా దాని డొక్కలోకి వెళ్తుంది."

"అనుకుంటే అన్నీ అనుకోవచ్చు."

"అనుకోకుండానే కదా సార్ నేను ఫౌంటెన్ అయ్యాను."

"మేస్త్రీ, చివరిసారి చెప్తున్నా. తొలువు."

"తొలవను."

"నేను ఇంజనీరుని చెప్తున్నా!"

"నేనూ ఇంజనీరునే, పైన అడగండి. ఆ రెండో పార ఇటివ్వండి. ఇస్త్రీ కొట్టు ముందు ఇంకో గొయ్యి తవ్వుతాను."

"నీ ఖర్మ. కూలీలన్నా రానీ, ఫూల్ చిక్కుళ్ళు తిని వస్తామని పోయారు."

"వాళ్ళొచ్చేసరికి రాడ్లు బిగుసుకుంటాయి. మీరూ కాస్త చెయ్యి వెయ్యండి సార్. చొక్కా మడుచుకోండి. ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పుకోవచ్చు, పని చేశానని."

"నిన్ను... సరే, జరుగు. ఇక్కడేనా?"

"ఇంకొంచెం ఇటు. నింపాదిగా. గునపం వద్దు, పారతోనే. పైపు దొరికితే గునపానికి కళ్ళుండవు."

"మట్టి రాయిలా ఉంది మేస్త్రీ."

"పైన అంతే. కిందికెళ్తే మెత్తబడుతుంది. చూడండి, పడుతోంది."

"ఒరే, చేతులు బొబ్బలెక్కుతున్నాయి. మా ఆవిడ చూస్తే ఎవరి పొలం దున్ని వచ్చావంటుంది."

"సార్."

"ఏంటి?"

"ఆగండి. పార ఆపండి. ఇదేంటి?"

"మట్టి."

"రంగు చూడండి. నలుపేనా?"

"...ఇసక."

"ఇసకే సార్! ఇసక! పార పక్కన పడేయండి. ఇక చేత్తోనే. మెల్లగా తోడండి, గిన్నెలో అన్నం కలిపినట్టు."

"ఇదిగో మేస్త్రీ! పట్టీ! పసుపు పట్టీ! ఇక్కడుంది!"

"దాని కింద చెయ్యి పెట్టండి. ఏమన్నా తగిలిందా?"

"తగిలింది. నున్నగా ఉంది. ఇదే. పైపే."

"మిషనుతో వచ్చిన రిసీవరు తెచ్చి పట్టండి సార్. బిట్టు ఎక్కడుందో చూడండి. నా కళ్ళు సరిగ్గా కనపడట్లేదు."

"చూస్తున్నా, ఉండు. అంకెలు కుదురుకోవట్లేదు... హా. ఇదిగో. పైపుకి బెత్తెడు ఇవతల."

"లోతు?"

"ఇదే లోతు. సరిగ్గా ఇదే."

"బెత్తెడా?"

"బెత్తెడే."

"నేను కాసేపు కూచుంటా సార్."

"మేస్త్రీ... నేను తొలువన్నాను."

"అన్నారు."

"రెండుసార్లన్నాను. అరిచి చెప్పాను. నువ్వు గానీ విని ఉంటే..."

"పైన పొయ్యి వెలుగుతోంది సార్. ఆ పిల్ల కూడా వంటింట్లోనే ఉంటుంది. కోడల్ని చేసుకోవాలనుకున్న పిల్ల. ఇంక నన్ను మాట్లాడించకండి. నాకు ఏడుపొస్తోంది."

"ఏడవకయ్యా, నాకూ వస్తుంది. నువ్వు మొండిగాడివి కాబట్టి బతికాం. నీ నుదురు ముద్దు పెట్టుకోవాలనుంది."

"బురదుంది, వద్దులెండి. మిషను సంగతి ఇక నాకొదిలేయండి. ఇక్కణ్ణుంచి కొంచెం వెనక్కి లాగి, కిందికి వంచి, పైపు కిందనుంచి దాటిస్తాను. కళ్ళారా చూస్తూ దాటిస్తాను. కానీ సార్, ముందు ఒక్క సంగతి తేలాలి."

"ఏంటి?"

"ఆ స్తంభం ఎవడు పీకాడు? ఇస్త్రీ కొట్టు ముందు ఉండాల్సిన స్తంభం అక్కడికెలా పోయింది? వాడి చేతులు పడిపోను! వాడి ఇల్లు... రండి, దాన్ని కదిపి చూద్దాం. ఇదిగో, చూశారా! పాతలేదు సార్ అసలు. పెయింటు డబ్బాలో సిమెంటు పోసి నిలబెట్టాడు వెధవ! డబ్బా చుట్టూ మట్టి కప్పాడు! వాడు నాకు కనపడాలి. ఈ గోతిలోనే పాతేస్తాను, నిలువునా!"

"నువ్వు పాతక్కర్లేదు. నేను పోలీసులకి రాస్తాను. గ్యాసు గుర్తు కదిలించడమంటే ఆటలనుకున్నారా? తిన్నగా జైలుకే. హాగ్గమ్మా! హాగ్గమ్మా, ఒకసారి బయటికి రండి!"

"ఏంటి? అయిపోయిందా?"

"మీ గుమ్మం ముందున్న ఈ పసుపు స్తంభాన్ని ఇక్కడ ఎవరు పెట్టారో చూశారా?"

"స్తంభమా? ఏ స్తంభం?"

"ఇదే. నేను పట్టుకున్నది."

"ఓ, అదా. అది... అక్కడే ఉంటుందిగా ఎప్పుడూ."

"ఎప్పుడూ ఇస్త్రీ కొట్టు ముందుండేది హాగ్గమ్మా."

"ఇస్త్రీ కొట్టేం దూరమా? పక్కనేగా."

"హాగ్గమ్మా, ఇది గ్యాసు పైపు గుర్తు. ఇది జరిపినందుకు ఇప్పుడు వీధి సగం లేచిపోయేది. ఎవరు జరిపారు?"

"యా రబ్బీ! అది గ్యాసుదా? మాకేం తెలుసు నాయనా? ఎవరికీ పనికి రాకుండా అక్కడ పడి ఉంది కదా అని మా ఆయనే తెచ్చాడు నిన్న."

"దాని మీద రాసుంది కదమ్మా, కదపరాదు అని, ఇంతింత అక్షరాలతో!"

"అందుకే కదా దాన్నే తెచ్చాడు! అది చూస్తే ఎవడూ కదపడని."

"దేనికమ్మా? దేనికోసం?"

"చోటు కోసం! తెల్లారితే చాలు, ఎవడో ఒకడు మా గుమ్మం ముందు బండి పెట్టేసి పోతాడు. ఇవాళొక్క రోజన్నా ఖాళీగా ఉండాలిగా."

"మీకు కారుందా?"

"మాకెక్కడిది నాయనా? పెళ్ళికొడుకు నాన్నగారి కోసం! అంత పెద్ద ఇంజనీరు, కారులో దిగుతారు కదా. ఆయన కారు పెట్టుకోడానికి చోటు లేక వీధంతా తిరిగితే మా పరువేం కాను? దానికే మా ఆయన పాపం చెమటలు కక్కుతూ సిమెంటు కలిపాడు."

"మేస్త్రీ? విన్నావా? ఏమయ్యా, పాతేస్తానన్నావు?"

"ఎవర్ని పాతాలి సార్? గోతిలో ఉన్నది నేనే."

"సరే, నాకు మాత్రం తప్పదు. హాగ్గమ్మా, మీ ఆయన పేరు చెప్పండి. నేను పైకి రాయాలి."

"రాస్తారా? ఎవరికి? ఇవాళా? నా పిల్ల మాట ఖాయమయ్యే రోజు ఇంటికి పోలీసులొస్తారా? వద్దు నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా! మా ఆయన చీమకి కూడా అపకారం చెయ్యడు! ఆ పెళ్ళివాళ్ళకి తెలిస్తే గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోతారు! మీరన్నా చెప్పండి మేస్త్రి గారూ, మీకూ పిల్లలుంటారు కదా!"

"రాయకండి సార్."

"నువ్వు మాట్లాడకు."

"రాయకండి. ఆ స్తంభం చోటుకి మార్పిద్దాం, నేనే గట్టిగా పాతిస్తాను. ఆయన నా మర్యాద కోసం మోశాడు సార్ దాన్ని. హాగ్గమ్మా, ఏడవకండి. పెళ్ళివాళ్ళు తిరిగి వెళ్ళరు."

"నీకేం తెలుసు నాయనా వాళ్ళ సంగతి?"

"తెలుసమ్మా. ఇదిగో, ఈ గుడ్డ తీసేస్తున్నా. నన్ను చూడండి. నేను హాతిమ్ వాళ్ళ నాన్నని. ఇంజనీరుని కాదమ్మా. మా వాడు ముచ్చటపడి చెప్పాడు, వాణ్ణేమీ అనకండి. ఆ ఫౌంటెన్ కూడా నేనే. కారు లేదు. నాకున్న బండి ఆ మిషనొక్కటే, పొద్దుటినుంచీ దాన్నే మీ వీధికి అడ్డంగా పెట్టుకుని కూచున్నాను. కానీ పైపు తెగలేదు హాగ్గమ్మా. మీ పొయ్యి వెలుగుతూనే ఉంది."

"రఘ్దా! ఒసేయ్ రఘ్దా! పొయ్యి సన్నం చేసి, సబ్బూ తువ్వాలూ పట్టుకుని కిందికి పరిగెత్తు. మీ మామగారు గోతిలో ఉన్నారు!"